ఆ పెట్టె మనవాళ్ళ చేతికిచ్చి పంపొద్దు: అమెరికా తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

తానా, ఆటా, నాట్స్, నాటా, టీటీఏ కార్యవర్గాలకూ, ఊరూరా ఉన్న స్థానిక తెలుగు సంఘాల పెద్దలకూ నమస్కారం.

"ఈ వీకెండ్ డాలస్ నుంచి ఎడిసన్ వైపు కార్లో వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నా? చిన్న బాక్స్ ఒకటి పంపాలి. తాళం వేసే ఉంటుంది."

మా వాట్సాప్ గ్రూపులో ఈమధ్య వచ్చిన మెసేజీ ఇది. మేం పట్టుకెళ్తామని ఇద్దరు ముగ్గురు వెంటనే ముందుకొచ్చారు. బాక్సులో ఏముందని చాలాసేపు ఎవరూ అడగలేదు. అడిగితే తెలిసింది, పిస్టలట. మెసేజీ పెట్టినతను ఉద్యోగం మారి, కుటుంబంతో విమానంలో న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్ళిపోయాడు. పిస్టల్ మాత్రం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఫ్రెండు ఇంట్లో ఉండిపోయింది.

అడిగినతను చెడ్డవాడేం కాదు. గ్రీన్ కార్డున్నవాడు. టెక్సస్‌లో షాపుకెళ్ళి, ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే కొనుక్కున్నాడు. డబ్బు పెట్టి కొన్న తన వస్తువు తన ఇంటికి చేరాలనుకున్నాడు, అంతే. పట్టుకెళ్తామన్నవాళ్ళూ మంచివాళ్ళే. ఆవకాయ జాడీ దగ్గర్నుంచి పెళ్ళి నగల దాకా వచ్చేపోయే మనిషి చేతికిచ్చి పంపడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. వద్దంటే మనిషి ముభావంగా అయిపోతాడు. ఈ మంచితనమే తుపాకీ దగ్గర మనవాళ్ళను జైలుకు పంపగలదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

నేను లాయర్ని కాను. నా దగ్గరా ఒక తుపాకీ ఉంది, దాని గురించి చట్టం ఏం చెబుతుందో చదువుకుంటూ ఉంటాను. కొనొద్దని ఎవరికీ చెప్పబోవడం లేదు. 2017లో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను బలిగొన్న కాన్సాస్‌లోని ఓలేతే కాల్పుల తర్వాత మన ఇళ్ళలో ఈ మాట ఎంతగా నడిచిందో మీకు తెలుసు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలు ఏరికోరి వస్తున్నారన్న భయం దానికి తోడైంది. కొన్నవాళ్ళు కొన్నారు. కానీ మనం ఒకచోట ఉండేవాళ్ళం కాదు. ప్రాజెక్టు మారితే ఊరు మారుతుంది, ఊరితోపాటు రాష్ట్రమూ మారుతుంది. టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, వేరే నిషేధమేదీ లేనివాళ్ళు 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. అదే తుపాకీతో న్యూజెర్సీలో దొరికితే కథ వేరు.

అక్కడ పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ దగ్గరుంటే రెండో డిగ్రీ నేరం. శిక్ష 5 నుంచి 10 ఏళ్ళు. గ్రేవ్స్ చట్టం కింద అందులో కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా గడపాలి. ఇల్లు మారుతున్న మనిషి తన తుపాకీలోంచి తూటాలు తీసేసి, పెట్టెలో పెట్టి మూసి, పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి తానే తెచ్చుకుంటే ఆ రాష్ట్ర చట్టమే మినహాయింపు ఇస్తుంది. అది ఇల్లు మారేవాడి కోసం పెట్టిన మినహాయింపు. అతని బాక్సును డిక్కీలో పెట్టుకుని సాయం చేయబోయిన స్నేహితుడికి అది వర్తిస్తుందని ఏ లాయరూ భరోసా ఇవ్వడు. 2013లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఒక తల్లిని న్యూజెర్సీలో ట్రాఫిక్ పోలీసు ఆపితే, నా దగ్గర తుపాకీ ఉందని ఆమే చెప్పింది. పెన్సిల్వేనియా పర్మిట్ కూడా ఉంది. అరెస్టు చేశారు. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే గానీ ఆమె తెరిపిన పడలేదు. రెండు రాష్ట్రాల మధ్య పారే డెలావేర్ నదికి అటు ఒడ్డున హక్కు, ఇటు ఒడ్డున నేరం.

దీనికి పైన ఫెడరల్ చట్టం ఉంది. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం, డీలరు లైసెన్సు లేని ఒక రాష్ట్రం మనిషి మరో రాష్ట్రంలో ఉండే మామూలు మనిషికి తుపాకీ ఇవ్వకూడదు. అమ్మినా, బహుమతిగా ఇచ్చినా అంతే. వీలునామా ద్వారా వచ్చే వారసత్వం, వేటకో ఆటకో తాత్కాలికంగా అరువివ్వడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి తప్ప, రెండు రాష్ట్రాల మనుషుల మధ్య తుపాకీ చేతులు మారాలంటే నడుమ ఫెడరల్ లైసెన్సున్న డీలరు ఉండాల్సిందే. "మా తమ్ముడే కదా", "మా రూమ్మేటే కదా" అన్న మాటలకు ఈ చట్టంలో చోటు లేదు.

మరి దారిలో వచ్చే రాష్ట్రాల సంగతేమిటి? డాలస్ నుంచి ఎడిసన్‌కి ఎక్కువమంది వెళ్ళే దారిలో ఆర్కన్సా, టెనెసీ, వర్జీనియా దాటాలి. ఐ-81 మీద వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్ కొసలు తగులుతాయి. ఆ తర్వాత పెన్సిల్వేనియా. ఒక్కోచోట ఒక్కో చట్టం. ఇందుకోసమే 1986లో కాంగ్రెస్ ఒక రక్షణ కల్పించింది. బయల్దేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ నీ దగ్గర ఉండడం చట్టబద్ధమైతే, మధ్య రాష్ట్రాల చట్టాలు ఎలా ఉన్నా దాటిపోవచ్చు. తుపాకీలో తూటా ఉండకూడదు. తుపాకీ గానీ తూటాలు గానీ ప్రయాణికుల చేతికి అందేలా ఉండకూడదు. విడిగా డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి. గ్లోవ్ బాక్సు, సీట్ల మధ్య కన్సోల్ ఈ లెక్కలోకి రావు. మన పార్కింగుల్లో ఉండేవన్నీ మినీవ్యాన్లు, ఎస్‌యూవీలే కాబట్టి ఈ తాళం పెట్టె మాట మనకోసమే రాసినట్టుంటుంది.

చేరే చోట చట్టబద్ధం కావాలన్న షరతే చాలామంది గమనించరు. న్యూజెర్సీ పర్మిట్ లేని డాలస్ స్నేహితుడికి ఎడిసన్‌లో ఆ పిస్టల్ పెట్టుకునే హక్కు లేదు. అంటే ఈ రక్షణ అతనికి ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

హక్కున్న మనిషికి కూడా ఈ రక్షణ ఎంత పలచనో తెలియాలంటే నెవార్క్ విమానాశ్రయం కేసు చూడాలి. 2005లో ఒక ప్రయాణికుడు యూటా నుంచి పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కి వెళ్తున్నాడు. తుపాకీని బయల్దేరేటప్పుడే కౌంటర్లో చెప్పి, తాళం వేసి, చెక్-ఇన్ సామానులో ఇచ్చాడు. నెవార్క్‌లో అందాల్సిన విమానం తప్పిపోయింది. ఎయిర్‌లైన్ బ్యాగు తిరిగి ఇచ్చేసింది. అది పట్టుకుని హోటల్‌కి వెళ్ళి, రాత్రి పడుకుని, పొద్దున్నే మళ్ళీ కౌంటర్‌కి వచ్చి, ఇందులో తుపాకీ ఉందని తానే చెప్పాడు. న్యూజెర్సీ చట్టం కింద అరెస్టు చేశారు. కొన్ని రోజులు జైల్లో ఉన్నాడు. తర్వాత కేసు ఎత్తేశారు. నన్ను అన్యాయంగా పట్టుకున్నారని అతను దావా వేస్తే, 2010లో థర్డ్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఒప్పుకోలేదు. ఆ రాత్రంతా బ్యాగు అతని చేతికందేలానే ఉంది కాబట్టి 1986 చట్టం కాపాడదంది. ఇలా మధ్యలో చిక్కుకుపోయినవాళ్ళు బ్యాగు తీసుకోకముందే విమానాశ్రయం పోలీసులనో సిబ్బందినో అడగొచ్చు కదా అని కూడా అంది.

అర్ధరాత్రి విమానం తప్పిపోయి, పిల్లలు ఏడుస్తుంటే, బెల్టు మీద కనిపించిన బ్యాగు తీసుకోకుండా ఎవరుంటారు? తీర్పు నాకు కఠినంగానే అనిపిస్తుంది. కానీ న్యూజెర్సీకి వర్తించే తీర్పు అదే.

విమానం మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. తూటాలు తీసేసి, గట్టి పెట్టెలో పెట్టి, తాళం వేసి, కౌంటర్లో నోటితో చెప్పి, చెక్-ఇన్ సామానులో ఇస్తే దేశం లోపల తుపాకీ తీసుకెళ్ళడం చట్టబద్ధమే. చేతి సామానులో మాత్రం కుదరదు. 2024లో భద్రతా తనిఖీల దగ్గర విమానాశ్రయ భద్రత చూసే టీఎస్ఏకు చేతి సామానులో 6,678 తుపాకులు దొరికాయి, వాటిలో 94 శాతం లోడ్ చేసి ఉన్నవే. మొదటి రెండు స్థానాలు అట్లాంటా, డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయాలవి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పింది గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉన్నవాళ్ళ సంగతి. నాకు ఎక్కువ భయం మిగతావాళ్ళ గురించి.

హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళకు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. ఎక్కువమంది వాడుకునే మినహాయింపు ఒకటే, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. 2022లో చేసిన చట్టంతో ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 10 ఏళ్ళ నుంచి 15 ఏళ్ళకు పెంచారు. మన కుర్రాళ్ళకు హంటింగ్ లైసెన్సు కిటుకు తెలుసు. ఆన్‌లైన్‌లో తీసుకుని, దాంతో షాపుకెళ్ళి కొంటున్నారు. అక్కడివరకు చట్టబద్ధమే. టెక్సస్‌లో ఆ వార్షిక లైసెన్సు ఎప్పుడు కొన్నా మామూలుగా ఆగస్టు 31తో ముగిసిపోతుందన్న సంగతి ఎంతమందికి గుర్తుంటుంది? సెప్టెంబరు 1న అల్మరాలో కదలకుండా పడున్న పిస్టల్, నిన్నటిదాకా సొంత వస్తువు, ఇవాళ ఫెడరల్ నేరం. ఎవరినీ ఏమీ చేయక్కర్లేదు, రెన్యూ చేయడం మరిచిపోతే చాలు.

లేఆఫ్ అయితే ఇంకా చిక్కు. హెచ్-1బీ వాళ్ళకు గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ ఉంటుంది. ఆ లోపు ఏ దారీ దొరక్క స్టేటస్ పోతే, అప్పుడు వర్తించేది వేరే నిబంధన. దేశంలో చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదు, హంటింగ్ లైసెన్సు ఉన్నా కాపాడదు. సరిగ్గా ఆ 60 రోజుల్లోనే మనిషి అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాను సర్దుకుని, తెలిసినవాళ్ళున్న మరో రాష్ట్రానికి పోతాడు. తుపాకీ ఏం చేయాలో ఆలోచించే తీరిక ఆ గొడవలో ఎవరికుంటుంది?

స్టూడెంట్ల సంగతి కూడా వినండి. హంటింగ్ లైసెన్సు లేని ఎఫ్-1 విద్యార్థి షూటింగ్ రేంజికి వెళ్ళి అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా నిషేధం కిందికే వస్తుంది. కాలేజీ తీసేయడంతో స్టేటస్ పోగొట్టుకున్న యూఏఈ విద్యార్థి ఒకరు ఫ్లోరిడాలో రేంజికి వెళ్ళి కాల్చినందుకే కేసులో ఇరుక్కున్నాడు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. స్టేటస్ లేదని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో తీర్పొచ్చింది. ఆ తీర్పు ఉంది కదా అని ధైర్యపడే పరిస్థితి కాదు. వీసా స్టాంపు పాస్‌పోర్టులో ఉన్నవాడు నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? అయినా మన పిల్లలు రేంజిలో దిగిన ఫొటోలు, రీల్స్ పేరుతో సహా పెట్టుకుంటున్నారు.

అన్నిటికంటే పెద్ద మాట. ఇమ్మిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలకు వేరే నిబంధనే ఉంది. తుపాకీ కొనడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం, వెంట తీసుకెళ్ళడం, వీటిలో దేనికి సంబంధించిన చట్టాన్ని ఉల్లంఘించినట్టు శిక్ష పడినా గ్రీన్ కార్డున్న మనిషిని కూడా దేశం నుంచి పంపించేయవచ్చు. ఇరవై ఏళ్ళు క్యూలో నిలబడి తెచ్చుకున్న కార్డు, స్నేహితుడి బాక్సు మోసినందుకు పోవచ్చు. క్రిమినల్ లాయరు "నేరం ఒప్పుకుంటే జైలు తప్పుతుంది" అనొచ్చు. ఆ ఒప్పుకోలుతోనే ఇమ్మిగ్రేషన్ కేసు మొదలవుతుంది.

"మనవాడికి కార్డుంది, వాడి పేరు మీద కొనేద్దాం" అనే బినామీ కొనుగోలు సంగతి వేరే చెప్పాలా? దానికీ 2022 చట్టంలో 15 ఏళ్ళ దాకా శిక్ష ఉంది.

సరే, చట్టబద్ధంగా పంపే దారి లేదా అంటే, ఉంది. ఇల్లు మారేవాడు తన తుపాకీని తన బండిలో తానే తీసుకెళ్ళడం మొదటిది. మూవర్స్ ట్రక్కులో వేయాలంటే అందులో తుపాకీ ఉందని వాళ్ళకు ముందే చెప్పాలి. చాలా కంపెనీలు తూటాలు అసలు ఎక్కించుకోవు. రైఫిల్, షాట్‌గన్ అయితే పోస్టులో తనకు తానే పంపుకోవచ్చు. పార్సిల్ మీద చిరునామా తన పేరుతోనే ఉండాలి, "ఫలానావారి ద్వారా" అని అక్కడి మనిషి పేరు కింద ఉండొచ్చు. కానీ ఆ మనిషి దాన్ని విప్పకూడదు. యజమాని వచ్చి తానే విప్పుకోవాలి. హ్యాండ్‌గన్‌లను మామూలు మనుషులు పోస్టులో పంపకుండా 1927లోనే చట్టం వచ్చింది. దాన్ని ఇప్పుడు కోర్టులో సవాలు చేశారు కాబట్టి, పంపే రోజున పోస్టాఫీసు నిబంధన ఎలా ఉందో అడిగి తెలుసుకోవాలి. ఫెడెక్స్, యూపీఎస్‌లు తమతో ఒప్పందం ఉన్న లైసెన్సుదారుల దగ్గరే తుపాకులు తీసుకుంటున్నాయి. పెట్టె మీద "మెషిన్ పార్ట్స్" అని రాసి కౌంటర్లో ఇచ్చేసి రావడం తెలివితేటలు కాదు. పంపేటప్పుడు రవాణా సంస్థకు రాతపూర్వకంగా చెప్పాలని ఫెడరల్ చట్టం కోరే సందర్భాలున్నాయి. పెట్టె పైన తుపాకీ అని రాయమని మాత్రం ఆ సంస్థలు అడగకూడదు, దొంగలకు తెలిసిపోతుందని.

కాబట్టి యజమాని తనతో తీసుకెళ్ళలేకపోయిన పిస్టల్‌కి నడిచే దారి ఒకటే. ఇక్కడి గన్ షాపుకి తీసుకెళ్ళి ఇస్తే, అది అక్కడి గన్ షాపుకి పంపుతుంది. అక్కడ మళ్ళీ ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఆ రాష్ట్రం అడిగే పర్మిట్ అన్నీ అయ్యాకే చేతికిస్తారు. ఫ్రిస్కోలో ఉండిపోయిన పిస్టల్‌కి మిగిలింది ఇదే దారి. న్యూజెర్సీలో కొనుగోలు పర్మిట్ చేతికొచ్చేదాకా అది షాపులోనే ఉంటుంది.

తీసుకెళ్ళాక కూడా పని అయిపోదు. న్యూజెర్సీలో 2022 చట్టం ప్రకారం కొత్తగా వచ్చినవాళ్ళు 60 రోజుల్లో తుపాకీ కొనుగోలుదారు ఐడీ కార్డు తెచ్చుకుని, బయట కొన్న హ్యాండ్‌గన్‌లు రిజిస్టర్ చేయించాలి. కాలిఫోర్నియాలోనూ 60 రోజుల్లో రాష్ట్ర న్యాయశాఖకు తెలపాలి. ఆ రాష్ట్రం నిషేధించిన రకం రైఫిళ్ళనైతే అసలు లోపలికే తేకూడదు. పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లు రెండుచోట్లా కుదరవు. ఇల్లినాయ్‌లో ఫోయిడ్ కార్డు, అంటే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు, కావాలి. న్యూయార్క్‌లో లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్‌తో అడుగుపెట్టడమే నేరం.

నన్నడిగితే, టెక్సస్, జార్జియాల నుంచి ఈ రాష్ట్రాలకు వెళ్ళేవాళ్ళలో చాలామందికి తేలికైన పని పాత ఊళ్ళోనే షాపుకి అమ్మేసి వెళ్ళడం. కావాలంటే కొత్తచోట, అక్కడి చట్టం ప్రకారం మళ్ళీ కొనుక్కోవచ్చు. ఐదారొందల డాలర్ల వస్తువు కోసం ఇంత భారం నెత్తినెత్తుకోవడం దండగ. తాతగారి తుపాకీ వారసత్వంగా వచ్చినవాళ్ళు నా మాటతో ఒప్పుకోకపోవచ్చు, మనలో అలాంటివాళ్ళు ఎంతమందో!

ఇండియా ప్రయాణం గురించి కూడా ఒక మాట. రేంజికి తీసుకెళ్ళిన బ్యాగే ఊరికి తీసుకెళ్తే, ఏ జేబులోనో ఒక తూటా మిగిలిపోతుంది. తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయాల్లో స్కానర్‌లో పడుతుంది. ఆయుధ చట్టం కింద కేసు, విమానం మిస్సు, పోలీస్ స్టేషను. తూటా ఉందని తెలిసి పెట్టుకున్నవాడే నేరస్తుడని మన కోర్టులు అంటాయి, ఇలాంటి కేసులు చాలా కొట్టేశాయి కూడా. కానీ కొట్టేసేదాకా హైకోర్టు చుట్టూ తిరగాలి. ఈలోపు వీసా, ఉద్యోగం ఏమవుతాయి?

ఇక మిమ్మల్ని అడుగుతున్నది. మీ మహాసభల్లో ఇమ్మిగ్రేషన్ సెషన్ నిండిపోతుంది. టాక్సులు, వీలునామాలు, సీపీఆర్, పిల్లల కాలేజీ అడ్మిషన్లు, అన్నిటికీ గదులున్నాయి. ఎవరికైనా జరగరానిది జరిగితే తానా టీమ్ స్క్వేర్ లాంటి బృందాలు అర్ధరాత్రి ఫోనెత్తుతాయి. భౌతికకాయాన్ని ఊరికి పంపేదాకా నిద్రపోరు, ఆ సేవకు చేతులెత్తి మొక్కాలి. తుపాకీ గురించి మాత్రం మనం నోరు విప్పం. ఉన్నవాడు ఉందని చెప్పడు, లేనివాడు అడగడు. అసోసియేషన్ పేరు మీద ఈ మాట ఎత్తితే రాజకీయమవుతుందేమోనని మీ భయం. నేనడిగే సెషన్లో తుపాకీ మంచిదా చెడ్డదా అన్న చర్చ అక్కర్లేదు. నలభై నిమిషాలు చాలు. లైసెన్సున్న డీలరు ఒకరు, క్రిమినల్ కేసులూ ఇమ్మిగ్రేషనూ రెండూ తెలిసిన లాయరు ఒకరు వచ్చి, వీసా మీద ఉన్నవాళ్ళకు ఏది నిషేధమో, రాష్ట్రం మారేటప్పుడు ఏం చేయాలో చెప్పి, ప్రశ్నలు తీసుకోవాలి. చీటీల మీద రాసి ఇచ్చే ఏర్పాటు పెట్టండి, నోటితో ఎవరూ అడగరు.

హెల్ప్‌లైన్ వాలంటీర్లకు కూడా ఒక కాగితం రాసివ్వండి. లేఆఫ్ అయినవాళ్ళు ఫోన్ చేస్తే అపార్ట్‌మెంట్ లీజు గురించి అడుగుతున్నట్టే "ఇంట్లో తుపాకీ ఉందా, హంటింగ్ లైసెన్సు ఎప్పటిదాకా ఉంది?" అని కూడా అడగాలి. ఎవరైనా అరెస్టయితే "పోలీసులకు అంతా వివరంగా చెప్పెయ్" అని సలహా ఇవ్వకుండా, లాయరు వచ్చేదాకా నోరు కట్టుకోమనాలి. నేరం ఒప్పుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఆ కాగితం చూపించమనాలి.

వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లు చాలామంది మీ సభ్యులే. తాళం వేసిన బాక్సు పట్టుకెళ్ళమని మెసేజీ వస్తే, ఏముందో చెప్పేదాకా దాన్ని ఉంచొద్దని వాళ్ళకు చెప్పండి.

మా ఊళ్ళో ఒక గన్ షాపు యజమాని ఈ సెషన్‌కి ఉచితంగా వస్తానన్నారు. ఆయన తెలుగువారు కాదు, మన కుర్రాళ్ళు హంటింగ్ లైసెన్సు ప్రింటవుట్లతో వస్తుంటే చూస్తున్న మనిషి. లాయరును వెతకడం మీ వంతు. వచ్చే సభల కార్యక్రమాలు ఖరారయ్యేలోపు ఏ సంఘం ముందుకొచ్చినా సరే, మిగతా ఏర్పాట్లు నేను చూసుకుంటాను.

ఇట్లు,
డాలస్ తెలుగువాడొకడు